వాన పడేదాకా బీడీ ముట్టనన్నాడు నాయన

మా తమ్ముడు శేఖరు వచ్చీ రాగానే బల్లమీద పెట్టిన రేకు డబ్బాను చూసి నేను అరిచినానంట. అరవలేదు, అడిగినాను. నేను ఏది అడిగినా వానికి అరిచినట్టే వినపడుతుంది, అది వాని చెవుల తప్పు. "ఈ డబ్బా నీకు యాడిదిరా?" అన్నాను. "నాయనది కదక్కా. ఆయన సంచిలో ఉన్నింది. ఊరికే పడి ఉండాది కదా అని నా బిళ్ళలు పెట్టుకునేదానికి తెచ్చుకున్నా," అన్నాడు. బిళ్ళలంటే సిగరెట్టు మానడానికి డాక్టరు రాసిచ్చిన నికోటిన్ బిళ్ళలు, నమిలి బుగ్గన పెట్టుకునేవి. ఆ డబ్బా దేనిదో, అందులో ఒకప్పుడు ఏముండేదో, అది ఎట్లా ఖాళీ అయిందో తెలిసినదాన్ని ఈ భూమ్మీద ఇప్పుడు నేనొక్కదాన్నే. వానికి కాఫీ ఇయ్యడం కూడా మరిచిపోయి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

శేఖరుది బుక్కరాయసముద్రంలో బోరు మోటార్లకు వైండింగు చేసే అంగడి. ఇరవై ఐదేండ్లుగా ఒక చేత్తో రాగి తీగ, ఇంకో చేత్తో సిగరెట్టు. మొన్న చలికాలంలో మెట్లెక్కుతూ మధ్యలోనే కూలబడిపోతే డాక్టరు దగ్గరికి తీసుకపోయినారు. "ఇంకొన్నాళ్ళు ఇట్లే తాగితే నా దగ్గరికి నడిచి రాలేవు, ఎత్తుకోని తేవాల్సొస్తుంది" అని ఆయన మొహం మీదే చెప్పినాడంట. నాకు ఆ డాక్టరు నచ్చినాడు. వాడు మాత్రం ఆ మాటను కూడా పొగలో కలిపేసి ఎండాకాలం దాకా లాక్కొచ్చినాడు. చివరికి మా మరదలు నాకు ఫోను చేసి, "వదినా, పది దినాలు మీ ఇంట్లో పెట్టుకోండి. నా మాటకు లెక్కలేదు. మీ నోటికి భయపడైనా ముట్టకుండా ఉంటాడు," అంది. నా నోటికి ఇట్లాంటి ఉపయోగం ఉందని మావాళ్ళలో ఒకరు ఒప్పుకునేదానికి ఇన్నేండ్లు పట్టింది. పంపించు అన్నాను.

వచ్చినాడు. అప్పటికి మాని మూడో రోజు. కూర్చోడు, నిలబడడు. ఫ్రిజ్జు తెరుస్తాడు, మూస్తాడు. గేటు దాకా పోతాడు, వీధి చివర సిగరెట్ల బంకు వైపు చూస్తాడు, నేను చూస్తున్నానని చూసి వెనక్కి వస్తాడు. చేతిలో ఫోను. "అక్కా, అరవై ఒక్క గంటలయింది సూడు," అని అందులో తిరిగే చక్రమొకటి చూపించినాడు. "గంటలు లెక్కపెట్టుకునేవాడు మానినోడు కాదురా, జైల్లో ఉన్నోడు," అన్నాను. "ఎప్పటిదాకా ముట్టనని ఒట్టు పెట్టుకున్నావు?"

"పాప పరీక్షలు అయ్యేదాకా."

"ఎప్పుడవుతాయి?"

"వచ్చే బుధవారం."

"అయితే గురువారం పొద్దున్నే ముట్టిస్తావు."

"అట్లంటావేందక్కా!"

"ఒట్టు పెట్టుకునే తెలివి కూడా లేదు నీకు. నాయనను చూసి నేర్చుకోవాల్సింది. ఆయన బీడీ మానేనాటికి నువ్వు అమ్మ చంకలో ఉన్నావు."

వాడు నోరు తెరిచి నన్నే చూసినాడు. "నాయన బీడీ తాగినాడా?" అన్నాడు. వానికి తెలిసిన నాయన ఎప్పుడూ కరకరమని బుడ్డలు నమిలే మనిషి. వేరుశనక్కాయలను మా పక్క బుడ్డలంటాం. ఆ డబ్బా కూడా బుడ్డల గింజల డబ్బా అనే అనుకున్నాడు వాడు. దాంట్లోంచి ఇప్పటికీ రెండు వాసనలు వస్తాయి. పైన బుడ్డల పొట్టు వాసన. దాని కింద, ముక్కును అడుగుకు ఆనించి పీలిస్తే, బీడీలు చుట్టే ఎండిన తునికాకు వాసన. ఆ రెండోది ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ నోట్లో నీళ్ళూరుతాయి. ఎందుకో చెప్తాను. ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

మాది శింగనమల చెరువుకు అవతల పక్క ఎర్రనేలల ఊరు. ఆ ఊర్లో పొద్దు పొడిచిందని కోడి చెప్పేదానికంటే ముందు మా నాయన దగ్గు చెప్పేది. కండ్లు తెరవకుండానే ఒక బీడీ. ఎద్దులకు చొప్ప వేసి ఒకటి. నోరు కడుక్కున్నాక, కడుక్కున్నందుకు ఒకటి. సంగటి తిన్నాక ఒకటి లేకుంటే తిన్నది గొంతులోనే నిలబడుతుందనేవాడు. మడక దున్నేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత దూరమని ఎవరన్నా అడిగితే, "ఒక బీడీ దూరం" అనేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒకటి ఉండాల్సిందే. మిగతావి ఈ డబ్బాలో. పై బొమ్మ చెరిగిపోయింది, ఒకప్పుడు పిప్పరమెంట్లవో ఏమో. బీడీలు వానకు తడుస్తాయని డబ్బాలో పెట్టుకునేవాడు. మా ఊర్లో వానకు తడిసేదానికి వాన యాడుండేది! అయినా ఏ మబ్బు ఏ పక్క నుంచి వస్తుందో అని మా నాయన ఏడాది పొడవునా సిద్ధంగా ఉండేవాడు. ఆయన తువ్వాల్లో చెమట, ఎద్దులు, బీడీ, మూడు వాసనలు కలిసి ఉండేవి. నాయన వాసనంటే నాకు అదే. జ్వరమొస్తే ఆ తువ్వాల కప్పుకుంటేగానీ నిద్ర పట్టేది కాదు.

మా అరుగు మీద అగ్గిపుల్ల నిలిచేది కాదు. ఆ మిట్టన గాలి అట్లాంటిది, నాలుగు పుల్లలు గీస్తే నాలుగూ ఆరిపోతాయి. అందుకని నాయన అరుగు మీద నుంచే కేకేసేవాడు: "పాపా, బీడీ ముట్టించుకోని రా!" ఇంట్లో పొయ్యి ఎట్లాగూ మండుతుంటుంది. నేను బీడీ తీసుకుని వంటింట్లోకి పోయి, నిప్పు కణికకు ఆనించి ముట్టించి, అరుగు దాకా తెచ్చి ఇయ్యాలి. అయితే బీడీ సిగరెట్టు మాదిరి కాదు. దానికి పొగరు. పీల్చేవాళ్ళు లేకుంటే నాలుగడుగుల్లో చచ్చిపోతుంది. వంటింటి నుంచి పడసాల దాటి అరుగు చేరేలోపల రెండు దమ్ములన్నా లాగాలి. మా ఇంట్లోనే కాదు, ఆ ఊర్లో ప్రతి ఇంట్లోనూ ఈ పని పిల్లలదే. నీళ్ళ చెంబు తెచ్చిచ్చినట్టు, చెప్పులు తెచ్చి పెట్టినట్టు. ఏ తల్లీ తప్పనుకోలేదు. పిల్లది దగ్గితే నవ్వేవాళ్ళు. దగ్గకుండా తెస్తే మెచ్చుకునేవాళ్ళు. నేను దగ్గకుండా తెచ్చేదాన్ని. "మా పాప తెస్తే బీడీ ఆరదు" అని నాయన పదిమందిలో గొప్పగా చెప్పేవాడు. దానికి నేను ఉబ్బిపోయేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే ఆ ఊరి మీద పడి అందర్నీ పేరుపేరునా తిట్టాలనిపిస్తుంది.

రెండు దమ్ములు మూడయినాయి. పడసాలలో నడక నిదానించింది. తరవాత నాయన పిలవకముందే "బీడీ కావాల్నా నాయనా?" అని నేనే అడిగేదాన్ని. ఎంత ప్రేమో కూతురికి అని మురిసిపోయేవాడు. ఆ తరవాత ఆయన పారేసిన ముక్కల్లో పొడుగువి ఏరి, ఎద్దుల కొట్టం వెనక ముట్టించుకునే దాకా వచ్చినాను. నాకప్పుడు పదకొండేండ్లు. ఇది రాస్తుంటే చెయ్యి కొంచెం ఆగింది. అయినా రాస్తాను.

ఆ ఎండాకాలం నాయన గొర్రెలు చూసొస్తానని మడకశిర పక్కకు పోయి రెండు దినాలు రాలేదు. రెండు దినాలు ఇంట్లో బీడీ లేదు. మొదటిరోజు తల పగిలిపోయింది. రెండోరోజు అమ్మ పెట్టిన సంగటి ముద్దను తోసేసి, ఏమీ చేయని తమ్ముణ్ణి గిల్లినాను. ఆ తమ్ముడు ఈ శేఖరే. అమ్మ దిష్టి తీసింది. మూడోరోజు మధ్యాన్నం నాయన బస్సు దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడో లేదో, చెవి మీది బీడీ లాక్కుని వంటింట్లోకి పరిగెత్తినాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు ఆయన. తిరిగొచ్చేటప్పుడు గాలి ఎదురు కొట్టింది. ఆరిపోకుండా బీడీని గుప్పిట లోపలికి తిప్పి పట్టుకుని, బొటనవేలు అడ్డం పెట్టి, ఒక దమ్ము లాగి, ముక్కులోంచి వదిలినాను. ఆయన ఎదురుగానే. చూసుకోలేదు నేను. ఆయన చూసినాడు.

బీడీ తీసుకోలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు విప్పి చూసినాడు. అట్లా గుప్పిట్లో తిప్పి పట్టుకునేది ఆ ఊర్లో ఆయనొక్కడే, చేలో గాలికి నేర్చుకున్న పట్టు అది. నా చూపుడు వేలి పక్కన పసుపుపచ్చ మరక. తన చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాడు. అదే చోట, అదే మరక.

"ఎన్నాళ్ళ నుంచి పాపా?" అన్నాడు.

నేను ఏడవాల్సింది. నా పుట్టుక అట్లాంటిది కాదు. "నువ్వే కదా తెమ్మంటివి!" అన్నాను.

"తెమ్మంటి. తాగమంటినా?"

"తాగకుంటే ఆరిపోతాది. నీకే తెలుసు."

"ఇంకమీద తేవద్దు. ముట్టద్దు. తెలిసిందా?"

"నువ్వు మానుకో, నేను మానుకుంటా."

"నేను మగోణ్ని మే!"

"నువ్వు మగోనివని బీడీకి తెలుసా?"

లోపల్నుంచి అమ్మ పెద్దగా నవ్వింది. నవ్వి, వెంటనే బయటికొచ్చి, సంగతి తెలిసి, నా వీపు మీద రెండు వేసింది. నాయన అడ్డం వచ్చినాడు. "దాన్ని కొట్టొద్దు. కొట్టాల్సింది నన్ను," అన్నాడు. నా గుప్పిట్లోంచి నేల మీద పడిన బీడీ అంతలోకి దానంతట అది ఆరిపోయింది. దాన్ని కాలితో నలిపి ఆయనన్నాడు: "సరే. వాన పడి ఇత్తనం వేసేదాకా నేను బీడీ ముట్టను. నువ్వూ ముట్టగూడదు. ఇత్తనం పడినాక నా ఇష్టం నాది."

"నీ ఇష్టం నీదయితే, నా ఇష్టం నాది. నువ్వు తాగితే నేనూ తాగుతా," అన్నాను.

ఆయన నా మొహం చూసినాడు. నేను ఉత్తుత్తి మాటలు చెప్పే పిల్లను కానని ఆయనకు తెలుసు. అయినా ఆయన లెక్క ఆయనది. రోహిణి కార్తె అయిపోవచ్చింది, మృగశిరకు వాన పడుతుంది, పన్నెండు దినాలు, మహా అంటే పదిహేను. అనంతపురం జిల్లాలో పుట్టి, అక్కడే నడుం వంగిన మనిషి, వానను నమ్ముకుని ఒట్టు పెట్టుకున్నాడు! మావాళ్ళు తప్ప లోకంలో ఎవరన్నా చేస్తారా ఈ పని? పెండ్లి ముహూర్తాలు, గంగమ్మ మొక్కులు, అన్నీ వాన పడినాకే అని మాటిచ్చేస్తారు. వాన వాళ్ళకేదో మాటిచ్చినట్టు.

మొదటి మూడు దినాలు మా ఇల్లు ఇల్లు కాదు. నాయన ఎద్దుల మీద అరిచినాడు, గాలి మీద అరిచినాడు, సంగటిలో ఉప్పు ఎక్కువైందని అరిచినాడు. సంగటిలో ఉప్పే ఉండదు. నాకు ఊరికే ఏడుపొచ్చేది. ఒకరోజు ఎద్దుల కొట్టం వెనక పాత ముక్క ఒకటి కనపడి వంగినాను. లేచి చూస్తే నాయన. ఆయనా అదే ముక్క కోసం వచ్చినాడని నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది. ఆయన నన్ను చెయ్యి పట్టి ఇంట్లోకి తీసుకపోయి, ఇత్తనానికి దాచిన బుడ్డల మూట విప్పి, నా ఒళ్ళో ఇన్ని పోసి, తన ముందర ఇన్ని పోసుకున్నాడు. "వొలుద్దాం రా," అన్నాడు.

ఇత్తనం బుడ్డలు మిషన్లో వేస్తే గింజ పగులుతుంది. చేత్తోనే వొలవాలి. కాయ మూతిని నేలకు టక్కుమని కొట్టాలి, పగిలిన చోట బొటనవేలు పెట్టి విప్పాలి, గింజ మీది పొర గీరుకోకుండా తీయాలి. పొర గీరుకుంటే మొలవదు. అందుకని చేతులకే కాదు, మనసుకూ పని. టక్, టక్ అని ఇద్దరం కొడుతుంటే కొంచెంసేపటికి నాయన చెయ్యి ఆపి, ఏదో కొత్త సంగతి కనిపెట్టినవాని మాదిరి కండ్లు పెద్దవి చేసి అన్నాడు: "పాపా! దోసెడు గింజలు అయ్యేసరికి అది పోయింది సూసినావా? నాలిక పీకేది నిలిచిపోయింది. మళ్ళీ వస్తాది. వస్తే మళ్ళీ దోసెడు. ఊరికే కూర్చుంటే మాత్రం నెత్తికెక్కి కూర్చుంటాది." నేను చూసుకున్నాను. నిజమే! నాదీ పోయింది. ఆ మధ్యాన్నం మేమిద్దరం పిచ్చివాళ్ళ మాదిరి నవ్వుకున్నాం. అప్పట్నుంచి ఇంట్లో అదే భాష. నాయన మొహం మాడిపోతే నేను "దోసెడా?" అనేదాన్ని. నేను తమ్ముణ్ణి గిల్లబోతే ఆయన "దోసెడు!" అని కేకేసేవాడు.

దాంతో ఇంకో గండం వచ్చింది. మృగశిర రాకముందే మూటలన్నీ ఖాళీ. వానకు రెండు దినాల ముందు వొలవాల్సిన ఇత్తనం మొత్తం మా నాలికల కోసం వొలిచేసినాం. అమ్మ గింజల రాశిని చూసి నెత్తి కొట్టుకుంది. "వొలిచిన గింజ ఎన్నాళ్ళు నిలుస్తాది? పురుగు పడితే ఏం ఇత్తుతావప్పా, నీ ఒట్టును ఇత్తుతావా?" అని అడిగింది. నాయన గింజల్లో వేపాకు కలిపి కుండలకెత్తి మూతులు కట్టినాడు. మరుసటి రోజు చేతులు ఊరుకోక పక్కింటి సుంకన్న మామ ఇంటికి పోయి, "మీ బుడ్డలేమన్నా వొలిచేదుందా?" అని అడిగినాడు. వాళ్ళవీ అయిపోయినాయి. తరవాత వీధంతా. "బీడీ మానినాయన వచ్చినాడు, మూట దించండే!" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను వెనకాలే పోయేదాన్ని. తండ్రీ కూతుళ్ళం ఊరి బుడ్డలన్నీ వొలిచినాం.

మృగశిర పోయింది. ఆరుద్ర వచ్చింది, పోయింది. పొద్దుగుంకేటప్పుడు పడమట కన్నడ సీమ మీద మబ్బు లేస్తుంది, ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడుతుంది, మబ్బు మమ్మల్ని చూసి పక్కకు పోతుంది. నాయన అందరికంటే ముందు నిలబడేవాడు. ఆ కండ్లల్లో సగం పైరు, సగం బీడీ. ఇక నా సంగతి ఇప్పుడు చెప్పాలి. ఊర్లో అందరూ చేతులు జోడించి వాన రావాలని మొక్కుతుంటే, నేను చేతులు జోడించి, వాన రావద్దు స్వామీ అని మొక్కేదాన్ని. వాన పడితే ఇత్తనం పడుతుంది. ఇత్తనం పడితే నాయన బీడీ ముట్టిస్తాడు. నాయన ముట్టిస్తే నేనూ ముట్టిస్తాను. నాకు నా మీద అంత నమ్మకం. వాన వద్దని మొక్కిన పిల్ల అనంతపురంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. కుండల్లో గింజకు పురుగు పడుతుందేమో అని అమ్మ రోజూ మూత విప్పి చెయ్యి పెట్టి చూసేది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా నేను మొక్కిన మొక్కు గుర్తొచ్చేది. అట్లని వెనక్కి తీసుకోలేదు.

పునర్వసు కూడా సగమయ్యేసరికి ఊర్లో కొత్త మాట పుట్టింది. ఒకరోజు మధ్యాన్నం నాయనకు సద్ది తీసుకుని రచ్చకట్ట దగ్గరికి పోతే, ఆయన చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. సుంకన్న మామ చేతిలో బీడీ.

"ఓబులేసన్నా, కోపం చేసుకోవద్దు," అంటున్నాడు సుంకన్న మామ. "నువ్వు వాన పడేదాకా అని ఒట్టు పెట్టుకుంటివి. అప్పట్నుంచి చినుకు లేదు. వాన నీ ఒట్టుకు కట్టుబడి ఆడనే నిలిచిపోయింది. ఒక్క దమ్ము కొట్టన్నా. ఒట్టు తెగుతాది, వాన దిగుతాది. ఊరు బతుకుతాది."

"మంచి పని చేస్తే వాన నిలుస్తాదా ఏమప్పా?" అన్నాడు నాయన. గొంతులో బలం లేదు. ఆయన కండ్లు బీడీ మీదనే ఉన్నాయి.

"ఊరి కోసమన్నా, నీ కోసమా?" అన్నారు ఇంకెవరో.

నాయన చెయ్యి లేచింది. నేను చూసినాను. ఆరువారాలుగా నాలిక పీకుతున్న మనిషికి ఊరంతా కలిసి పుణ్యం పేరు చెప్పి బీడీ ఇస్తే ఎవరు కాదంటారు? అది ఆయన వేళ్ళ మధ్యకు వచ్చేసింది కూడా. నేను సద్ది గిన్నె కట్ట మీద టంగుమని పెట్టినాను.

"సుంకన్న మామా! బీడీ పొగకు వాన వచ్చేదయితే, ఇన్నేండ్లూ మీరంతా తాగుతాండారే, శింగనమల చెరువు ఎందుకు నిండలా?"

ఒక ముసలాయన దగ్గినాడు, అదీ బీడీ దగ్గే. సుంకన్న మామ ముందు తల గోక్కున్నాడు, తరవాత పొట్ట పట్టుకుని నవ్వినాడు. "నీ కూతుర్ని లాయరును చెయ్యన్నా, మనందరం జైలుకు పోదాం," అన్నాడు. నాయన బీడీని వాపసు ఇచ్చేసినాడు. ఇచ్చి, నా పక్క చూడకుండా, "సద్ది పెట్టు పాపా. దోసెడు బుడ్డలు కూడా తేకపోతివి," అన్నాడు.

పుష్యమి కార్తెలో, ఇక అందరూ ఆకాశం పక్క చూడడం మానేసినాక, మధ్యాన్నం పూట వాన వచ్చింది. అడక్కండి ఎట్లాంటి వాన అని! ఎర్రమట్టి వాసన గుప్పుమని లేచి, బీడీ వాసన, తువ్వాల వాసన, అన్నిట్నీ కొట్టుకపోయింది. ఎద్దులు కట్టుకొయ్యల దగ్గర ఎగిరినాయి. అమ్మ వాకిట్లో తడుస్తూ నిలబడి, కుండల మూతులు విప్పమని నన్ను కేకేసింది. ఒక కుండలో పురుగు పట్టింది. మిగతావి గట్టిగా, ఎర్రగా, వొలిచిన దినం మాదిరే ఉన్నాయి. వాన వద్దన్న నా మొక్కు ఎవరూ వినలేదని తెలిసి నేను ఎంత సంతోషపడినానో చెప్పలేను. నీళ్ళల్లో ఎగిరినాను, పడినాను, మళ్ళీ ఎగిరినాను. అంత సంతోషంలోనూ లోపల ఒక ముల్లు. పదునెక్కిన నేలలో నాయన గొర్రు తోలినాడు, అమ్మ వెనకాల ఇత్తనం వదిలింది. రెండోరోజు పొద్దు వాలేసరికి ఆఖరి సాలు అయిపోయింది.

నాయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. చెవి మీద బీడీ. సుంకన్న మామ మళ్ళీ తెచ్చి ఇచ్చింది. తీసి నా పక్కకు చాపినాడు.

"ఇత్తనం పడింది. నా ఒట్టు తీరింది. ముట్టించుకోని రా పాపా."

గొంతులో కోపం లేదు, ఆశ లేదు. ఊరికే చాపినాడు. నేను తీసుకున్నాను. పడసాల దాటి వంటింట్లోకి పోయినాను. అమ్మ పొయ్యి ముందర కూర్చుని ఉంది. నన్ను చూసింది, చేతిలో బీడీని చూసింది. సంగటి కట్టె తిప్పుతూనే ఉంది. నేను గొంతుకూర్చుని నిప్పు కణికకు బీడీ ఆనించినాను. కొస ఎర్రబడింది. ఆ వాసన! పొట్టలోంచి నాలిక దాకా ఏదో లాగింది. ఒక్క దమ్ము లాగకుంటే ఆరిపోతుంది. లాగితే అరుగు దాకా పోతుంది. ఇట్లాంటి చిన్న సంగతి మీద ఇద్దరు మనుషుల బతుకు నిలబడుతుందని నాకప్పుడు తెలియదు, కానీ చేతికి తెలిసినట్టుంది. బీడీని కొస నుంచి కొస దాకా పొయ్యిలోకి తోసేసినాను. భగ్గుమని ఒక్క క్షణం మండి పోయింది. అమ్మ సంగటి కట్టె ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ తిప్పింది.

ఉత్త చేతులతో అరుగు మీదికొచ్చినాను.

"యాడ?" అన్నాడు నాయన.

"పొయ్యి తాగేసింది నాయనా."

నేను దెబ్బకు సిద్ధంగా నిలబడినాను, వాదించేదానికీ సిద్ధంగానే ఉన్నాను, నాలుగు మాటలు అప్పటికే నాలిక మీద పెట్టుకున్నాను. అవేవీ అవసరం పడలేదు. ఆయన గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, ఎన్నో నెలల బరువు దించినట్టు ఊపిరి వదిలి, "అయితే దోసెడు బుడ్డలన్నా తే," అన్నాడు.

లోపల్నుంచి అమ్మ: "యాడుండాయప్పా బుడ్డలు? ఉన్నవన్నీ వొలిచి భూమిలో ఏసి వస్తిరి కదా!"

ముగ్గురం ఎంత నవ్వినామంటే, అమ్మ చంకలో ఈ శేఖరు జడుసుకుని ఏడుపు ఎత్తుకున్నాడు.

ఆ ఏడు పంట సగమే వచ్చింది. ఆ సగంలోంచి మొదటి దోసెడు గింజలు ఈ డబ్బాలోకి పోయినాయి. ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ దాంట్లో బుడ్డలే. మళ్ళీ ఎప్పుడూ తాగలేదా అంటే, నేను చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు రాయను. శేఖరుకు ఊహ తెలిసేదాకా చెవి మీద ముట్టించని బీడీ ఒకటి పెట్టుకుని తిరిగేవాడు. "ఎందుకప్పా అది?" అని ఎవరన్నా అడిగితే, "అది ఆడుంటే ఈడికి రాదు," అని నోరు చూపించేవాడు. నాకు ఇప్పటికీ బస్టాండులో ఎవరన్నా బీడీ ముట్టిస్తే కాళ్ళు ఆ పక్కకు తిరుగుతాయి. యాభై దాటినాయి నాకు, పిల్లలకు పెండ్లిండ్లు చేసినాను, పదిమందికి బుద్ధులు చెప్పినాను. అయినా తిరుగుతాయి. అప్పుడు సంచిలోంచి నాలుగు బుడ్డలు తీసి వొలుచుకుంటాను. బస్సులో పొట్టు పోస్తున్నానని కండక్టర్లు తిడతారు. తిట్టనీ. నేనూ తిడతాను.

ఇదంతా శేఖరుకు చెప్తూ వాని ముందర చేట పెట్టి ఇన్ని బుడ్డలు పోసినాను. వాడు వొలిచినాడు. టక్, టక్. మా అపార్టుమెంటు టైల్సు మీద ఆ చప్పుడు మా అరుగు మీది చప్పుడు మాదిరి లేదు, అయినా చేతులు ఆయనవే, నాయన చేతులు, ఆ బొటనవేలు అట్లే వంగుతుంది. "డాక్టరు కూడా ఇదే చెప్పినాడక్కా," అన్నాడు కొంచెంసేపటికి. "మనసు లాగేది నాలుగైదు నిమిషాలే, దాన్ని దాటించు అని." నాయనకు గడియారం లేదు. దోసిలి ఉండేది. అంతే తేడా. బిళ్ళలు మంచివే, నమలమన్నాను, డాక్టరుతో నాకు వాదం లేదు. నా వాదం వాని బుధవారంతో.

"అయితే ఎప్పటిదాకా అని పెట్టుకోవల్ల? వాన పడేదాకా అననా?" అన్నాడు.

"ఇప్పుడు వానకు మర్యాద యాడుందిరా? నాలుగు దినాల ముందే నీ ఫోన్లో మబ్బు బొమ్మ వస్తుంది. సిగరెట్టు పెట్టె ముందే కొని పెట్టుకుంటావు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియనిది చూసి పెట్టుకో."

శేఖరు చేట మీది చెయ్యి ఆపి ఆలోచించినాడు. దోసెడు గింజలు ఎత్తి నాయన డబ్బాలో పోసి, బిళ్ళలను వాటి మీద పెట్టి, మూత నొక్కినాడు. నా మొహం చూసి, వచ్చినప్పట్నుంచి మొదటిసారి నవ్వినాడు.

"సరేక్కా. ఒట్టు. నీ నోరు మూతపడేదాకా సిగరెట్టు ముట్టను."

అదీ ఒట్టంటే! అనంతపురం జిల్లాలో అంతకంటే పెద్ద గడువు ఎవరూ పెట్టలేరు. ఆ బుధవారం వచ్చింది, పోయింది. గురువారమూ పోయింది. పది దినాలకని వచ్చినవాడు పదకొండో రోజు ఇంటికి పోయినాడు. రోజూ పొద్దున్నే నేను వాని అంగడికి ఫోను చేసి ఏదో ఒకటి తిడతాను. వాడు ఎత్తగానే "మూతపడలేదు కదా?" అని అడుగుతాడు. వెనకాల టక్, టక్ అని చప్పుడు వినిపిస్తుంటుంది.